నాలుగోసారి రాయని కార్డు

నేను ఒక కర్మాగారంలో ప్యాకింగ్ విభాగానికి షిఫ్ట్ ఇన్‌చార్జ్‌గా ఉన్న రోజుల్లో, ఆరేళ్లకు పైగా మా దగ్గర పనిచేసిన ఒక ఆపరేటర్ రాజీనామా పత్రం నా బల్ల మీదికి వచ్చింది. కారణం అన్న చోట "వ్యక్తిగతం" అని ఒకే మాట రాసి ఉంది. యంత్రం శబ్దం విని ఏ బేరింగు అరుగుతోందో చెప్పగలిగిన మనిషి అతను. కొత్తగా చేరినవాళ్లను ఎవరి పక్కన నిలబెట్టాలా అని ఆలోచిస్తే నాకు మొదట గుర్తుకు వచ్చే పేరు అతనిదే. అలాంటివాడు వెళ్లిపోతుంటే ఆ ఒక్క మాటతో సరిపెట్టుకోవడం నాకు చేతకాలేదు. ఆఖరి రోజు షిఫ్టు ముగిశాక, లాకరు ఖాళీ చేసుకుంటున్న అతని దగ్గరకు వెళ్లి, జీతం సంగతా, ఇంకెక్కడైనా మంచి అవకాశం వచ్చిందా అని అడిగాను. అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మూడో లైను గార్డు గురించి మూడుసార్లు రాసిచ్చాను సార్. నాలుగోసారి రాయాలనిపించలేదు, అంతే" అన్నాడు.

గార్డు అంటే యంత్రంలో కదిలే భాగానికి చేయి తగలకుండా అడ్డంగా పెట్టే రక్షణ తలుపు. ప్రమాదం పొంచి ఉన్న చోటు గురించి కార్మికులు కార్డు మీద రాసిచ్చేవారు. అతను రాసిన ఆ మూడు కార్డులూ నా డ్రాయరులోనే దొరికాయి. మొదటిదాని మీద "మెయింటెనెన్స్‌కు తెలియజేయడమైనది" అనీ, రెండోదాని మీద "పరిశీలనలో ఉంది" అనీ నా చేతిరాతే ఉంది. మూడోదాని మీద ఏమీ లేదు. మొదటి కార్డుకూ మూడో కార్డుకూ నడుమ ఏడు నెలలు గడిచాయి. మొదటిదానిలో కార్డు నిండా వివరం, పెన్నుతో గీసిన చిన్న బొమ్మ కూడా ఉండగా, మూడోదానిలో "గార్డు విషయం మళ్లీ గుర్తు చేస్తున్నాను" అన్న ఒక్క వాక్యమే మిగిలింది. పనిచేసే చోటు మీద ఒక మనిషికున్న నమ్మకం ఎలా తరుగుతూ వచ్చిందో ఆ మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే తెలిసిపోయింది. అందులో నా వంతు ఎంతో నాకు తెలుసు. ఆ తరువాత రెండేళ్ల పాటు, ప్రమాదం పొంచి ఉన్న చోట్లను కార్మికులు తెలియజేసే పద్ధతిని మార్చడానికి మా విభాగంలో చేసిన ప్రయత్నాలనూ, అందులో నేను చేసిన పొరపాట్లనూ, ఇలాంటి బాధ్యతలో ఉన్న మరొకరికి పనికివస్తాయన్న ఉద్దేశంతో ఇక్కడ రాస్తున్నాను.

ఆ రాత్రి మూడో లైను ఆగిన సమయంలో టార్చి తీసుకుని వెళ్లి చూశాను. కన్వేయరు బెల్టు చివరి డ్రమ్ము చుట్టూ తిరిగే చోట, వేలు పడితే చేతిని మొత్తంగా లోపలికి లాగేసే సందు ఒకటి ఉంటుంది. దానికి అడ్డంగా, తలుపులా తెరుచుకునే జాలీ గార్డు ఉంది. ఆ తలుపు తెరవగానే యంత్రం ఆగిపోయేలా ఇంటర్‌లాక్ స్విచ్చి అమర్చి ఉంది. తలుపుకు బిగించిన ఇనుప నాలుక స్విచ్చి గాడిలో దూరితేనే యంత్రం నడవాలి. నేను చూసేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది, స్విచ్చి గాడిలో మాత్రం విడిగా సంపాదించిన మరో నాలుక దూర్చి, కదలకుండా సన్నని తీగతో కట్టేసి ఉంది. ఆ తీగ మీద నూనె, దుమ్ము కలిసి నల్లగా గట్టిపడి ఉన్నాయి. అంటే అది నిన్నో మొన్నో కట్టినది కాదు. రోజుకు పదిసార్లు ఆ దారిన నడిచే నేనూ, మరమ్మతులకు వచ్చే ఫిట్టర్లూ, తనిఖీకి వచ్చిన పెద్దలూ అందరం దాన్ని దాటుకుంటూనే వెళ్లాం. చూసి రాసిచ్చినవాడు ఒక్కడే.

తీగ కత్తిరించి, ఆ విడి నాలుకను జేబులో వేసుకుని, గార్డు మూసి లైను నడిపించాను. పని అయిపోయిందనే అనుకున్నాను. రెండు రోజులు తిరగకుండానే అదే గాడిలో ఇంకో నాలుక కనిపించింది. అది ఎందుకు అవసరమైందో అడిగి తెలుసుకోకుండా తీసేసినంత మాత్రాన ఏమీ మారదని నాకు అర్థం కావడానికి ఇంకా చాలా నెలలు పట్టింది.

ముందుగా పాత రిజిస్టర్లు తిరగేశాను. గాయాల రిజిస్టరులో నమోదులు చాలా తక్కువ, తృటిలో తప్పిన ప్రమాదాల రిజిస్టరులో అంతకన్నా తక్కువ. గేటు దగ్గర "ప్రమాదం లేని రోజులు" అన్న బోర్డు మీద అంకె నెలనెలా పెరుగుతూ వచ్చింది, ఆ అంకె నిలిచినంత కాలం ప్రతి విభాగానికీ నెలాఖరున ఒక ప్రోత్సాహకం ఉండేది. ప్రథమ చికిత్స పెట్టెలోని కట్లు, మందులు ఎంత త్వరగా ఖర్చవుతున్నాయో స్టోర్స్ వాళ్ల ఇండెంట్లలో, అంటే సరుకు కోరుతూ రాసే పత్రాల్లో, చూసినప్పుడు నాకు విషయం బోధపడింది. రిజిస్టరులో లేని గాయాలకు కట్లు కడుతున్నాం. ఒకరి వేలు తెగితే రిజిస్టరులోకి ఎక్కించడం వల్ల పదిమంది ప్రోత్సాహకం పోతుంది కాబట్టి, తెగిన వేలిని దాచిపెట్టడం మర్యాదగానూ, తెలియజేయడం ద్రోహంగానూ మారిపోయింది. ఎవరూ ఎవరినీ బెదిరించలేదు. బోర్డే ఆ పని చేసింది.

ఆ రోజుల్లో దీని గురించి దొరికినంత చదివాను. చదివినవాటిలో నాకు బాగా ఉపయోగపడినది విమానయాన రంగం అనుభవం. 1974 డిసెంబరు 1న టీడబ్ల్యూఏ 514 అనే విమానం వాషింగ్టన్ సమీపంలో కొండను ఢీకొని అందులోని 92 మందీ చనిపోయారు. విమానాశ్రయానికి దిగే మార్గంలో ఎత్తు గురించి ఇచ్చిన అనుమతిని సిబ్బంది ఒకలా, నియంత్రణ కేంద్రం మరోలా అర్థం చేసుకోవడం దానికి దారితీసింది. అంతకు సుమారు ఆరు వారాల ముందే వేరే విమానయాన సంస్థ సిబ్బంది అదే పొరపాటు పడి తృటిలో తప్పించుకున్నారు, ఆ సంగతి తమ సంస్థకు తెలియజేశారు కూడా. కానీ ఆ హెచ్చరిక ఆ ఒక్క సంస్థలోనే ఆగిపోయింది. ఆ తరువాత అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 1975లో స్వయంగా ఒక సమాచార పద్ధతిని ప్రారంభించింది గాని, శిక్షించే అధికారం ఉన్నవాడి చేతికే తప్పు రాసిచ్చేందుకు ఎవరు ముందుకొస్తారు? అందుకే 1976లో ఆ బాధ్యతను ఏ అధికారమూ లేని నాసాకు అప్పగించారు. రాసినవారి పేరు తీసేస్తారు. ఉద్దేశపూర్వకం కాని, ప్రమాదంగా మారని ఉల్లంఘనను పది రోజుల్లోగా తెలియజేసినవారికి జరిమానా పడకుండా రక్షణ ఉంటుంది. నేను దీనిలో గ్రహించినది ఏమిటంటే, మనిషి నోరు విప్పడానికి ధైర్యం కన్నా ముందు, చెప్పినది ఎవరి చేతికి వెళుతుందన్న భరోసా కావాలి.

ప్రమాదాల నిష్పత్తుల గురించి కూడా చదివాను. ఒక పెద్ద గాయానికి 29 చిన్న గాయాలు, గాయం లేని 300 ఘటనలు ఉంటాయని పారిశ్రామిక భద్రత గురించి రాసిన హైన్రిక్ 1931లో చెప్పిన లెక్క ఇప్పటికీ శిక్షణ తరగతుల్లో గోడల మీద కనిపిస్తుంది. ఆ అంకెలను తరువాతివారు చాలామంది ప్రశ్నించారు, నేను కూడా వాటిని పట్టుకుని వేలాడలేదు. చిన్న ఘటనలన్నీ తగ్గినంత మాత్రాన పెద్ద ప్రమాదం తప్పుతుందన్న హామీ లేదు, ఎందుకంటే మెట్ల మీద కాలు జారడానికీ బెల్టులో చేయి పడడానికీ కారణాలు వేరు. నన్ను నిజంగా ఆలోచింపజేసినది పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1996లో ప్రచురించిన ఆసుపత్రుల పరిశీలన. మంచి జట్టుగా పనిచేసే నర్సుల విభాగాల్లో మందుల పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె ఊహిస్తే, నమోదైన పొరపాట్లు అక్కడే ఎక్కువగా కనిపించాయి. ఆ జట్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, జరిగినవాటిని దాచకుండా మాట్లాడుకుంటున్నాయి. మా ఖాళీ రిజిస్టరును నేను ఇన్నాళ్లూ తలకిందులుగా చదివానని అప్పుడు తెలిసింది.

ఇంత చదివాక కూడా మొదటి ప్రయత్నాన్ని నేనే పాడుచేశాను. పేరు రాయనవసరం లేని కార్డులు అచ్చువేయించి, తాళం ఉన్న పెట్టె ఒకటి గోడకు బిగించాం. మొదటి వారంలోనే పెట్టె సగం నిండింది. అందులో ఒక కార్డులో, రెండో షిఫ్టులో ఒక యంత్రాన్ని శుభ్రం చేసేటప్పుడు కరెంటు ఆపి తాళం వేసే పద్ధతి పాటించడం లేదని ఉంది. విషయం చాలా తీవ్రమైనది, వివరం సరిపోలేదు. ఎక్కడో, ఎప్పుడో కనుక్కోవాలన్న ఆదుర్దాలో మరునాటి ఉదయం సమావేశంలో అందరి ముందూ "ఇది రాసినవారు ఎవరు?" అని అడిగేశాను. ఎవరూ కదలలేదు. ఒకరిద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తరువాత ఆరు వారాల పాటు పెట్టెలో ఒక్క కార్డు కూడా పడలేదు. నా ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ పేరు అడగబోమని మాట ఇచ్చి అడిగాను. ఆ ఒక్క వాక్యం నష్టాన్ని పూడ్చడానికి దాదాపు సంవత్సరం పట్టింది.

రెండోసారి మొదలుపెట్టేటప్పుడు, ఏం చేద్దామో నేను నిర్ణయించకుండా, మూడు షిఫ్టుల నుంచి ఆపరేటర్లనూ, ఒక ఫిట్టర్‌నూ, ఒక కాంట్రాక్టు కార్మికుడినీ కూర్చోబెట్టి అడిగాను. వాళ్లు అడిగినవి చాలా చిన్నవి. పేరు రాయాలా వద్దా అన్నది రాసేవారి ఇష్టానికి వదిలేయాలి. కార్డు అందిందని అదే షిఫ్టులో తెలియాలి. ఏం చేశారో, లేదా ఎందుకు చేయలేకపోయారో, అందరూ చూసేలా రాసిపెట్టాలి. "చేయలేం అని రాసినా పర్వాలేదు సార్, ఏదో ఒకటి రాయండి" అని ఆ ఫిట్టర్ అన్న మాట నాకు నేటికీ గుర్తుంది. మేం ఒక పెద్ద తెల్లబోర్డు పెట్టి, ఎడమవైపు వచ్చిన సూచన, కుడివైపు జవాబు, జవాబు ఇచ్చినవారి పేరు రాయడం మొదలుపెట్టాం. రాసేవారి పేరు ఇష్టాన్ని బట్టి, జవాబు చెప్పేవారి పేరు మాత్రం తప్పనిసరి. తక్షణం ప్రాణం మీదికి వచ్చే సంగతైతే కార్డు రాయడం కాదు, యంత్రం ఆపేయాలి, ఆపినవారిని ఉత్పత్తి నష్టం గురించి ఎవరూ ప్రశ్నించకూడదని యాజమాన్యం చేత లిఖితపూర్వకంగా ఇప్పించాం.

ఈ చివరి విషయంలో నాకు ఆసరాగా నిలిచినది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో ఆమోదించిన 155వ ఒడంబడిక. తన ప్రాణానికి లేదా ఆరోగ్యానికి తక్షణమైన, తీవ్రమైన ముప్పు ఉందని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉండి పని నుంచి తప్పుకున్న కార్మికుడిని అందుకు ఇబ్బంది పెట్టకూడదని దాని 13వ అధికరణం చెబుతుంది. 2022 జూన్‌లో సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని ఆ సంస్థ మౌలిక హక్కుల జాబితాలో చేర్చింది. పని భద్రతకు సంబంధించి 2018లో వచ్చిన ఐఎస్‌ఓ 45001 ప్రమాణం కూడా ప్రమాదాలను తెలియజేసినవారిని ప్రతీకారం నుంచి కాపాడాలని అడుగుతుంది. మా కార్యాలయం గోడ మీద ఆ ప్రమాణపత్రం చట్రంలో వేలాడుతూ ఉండేది. దానిలో ఈ షరతు ఉందని మాలో చాలామందికి తెలియదు, నాకు కూడా అప్పటిదాకా తెలియదు. సమావేశంలో ఆ భాగం చదివి వినిపించాక, యంత్రం ఆపే అధికారం ఇవ్వడం గురించి వాదన అక్కడితో ఆగింది.

పద్ధతి కుదిరాక మొదట చేపట్టినది మూడో లైను గార్డునే. ఈసారి తీగ కత్తిరించలేదు. అక్కడ పనిచేసే ఇద్దరు ఆపరేటర్లతో పాటు ఫిట్టర్‌నూ నిలబెట్టి, ఒక షిఫ్టు మొత్తం ఊరికే చూశాం. అట్టపెట్టెలు వంపు దగ్గర అడ్డం తిరిగి గంటకు ఏడెనిమిదిసార్లు ఇరుక్కుంటున్నాయి. ఇరుక్కున్న ప్రతిసారీ గార్డు తెరిస్తే లైను ఆగుతుంది. మళ్లీ నడవాలంటే ఆపరేటర్ లైను అవతలి చివర ఉన్న ప్యానెల్ దాకా నడిచి వెళ్లి రీసెట్ నొక్కి రావాలి. ఆ నడకలకే షిఫ్టులో చాలా సమయం పోతుంది, సాయంత్రం ఉత్పత్తి లెక్క తక్కువ వస్తే సంజాయిషీ చెప్పవలసినది అతనే. విడి నాలుక ఎవరు మొదట తెచ్చారో నేను అడగలేదు. ఆ పరిస్థితిలో నేను ఆపరేటర్‌నై ఉంటే నేనూ అదే చేసేవాడినేమో అని ఆ సాయంత్రం అనిపించింది. ఆ మాట బోర్డు ముందు నిలబడి అందరికీ చెప్పాను కూడా.

వంపు దగ్గర పెట్టెలను నిలువుగా నడిపించే పక్క పట్టీలు అరిగిపోయి, వాటి మధ్య ఎడం పెరిగింది. వాటిని మార్చి సరిచేయగానే ఇరుక్కోవడం బాగా తగ్గింది. గార్డు పక్కనే, కానీ ప్రమాద స్థలానికి బయట, లోపల ఎవరూ లేరని కళ్లారా చూశాకే నొక్కగలిగిన చోట ఇంకో రీసెట్ బటన్ అమర్చారు. అన్నీ అయ్యాక చివరగా, మామూలు నాలుకతో మోసపోని కోడెడ్ సెన్సార్ వేశారు. ఈ క్రమం ముఖ్యమైనది. సెన్సార్ ముందు వేసి ఉంటే, పెట్టెలు ఇరుక్కుంటూనే ఉండేవి, మనుషులు ఇంకో దారి వెతుక్కునేవారు. ఇంటర్‌లాక్‌లకు సంబంధించిన ఐఎస్‌ఓ 14119 ప్రమాణం కూడా, వాటిని తప్పించాలన్న అవసరం మనిషికి ఎందుకు కలుగుతోందో ముందు చూడమంటుంది. మొత్తం పని నాలుగు వారాల్లో ముగిసింది. నా డ్రాయరులో ఏడు నెలలు పడి ఉన్న పని అది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. కష్టమైన భాగం ఆ తరువాత వచ్చింది. కాంట్రాక్టు మీద సామాను ఎత్తే పనిలో ఉన్న ఒక యువకుడు, లోడింగ్ దగ్గర లారీ చక్రాలకు అడ్డుదిమ్మెలు పెట్టకుండానే ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కిస్తున్నారని పేరు పెట్టి కార్డు రాశాడు. రెండు వారాల తరువాత అతను కనిపించలేదు. అడిగితే కాంట్రాక్టరు మనిషి "పని తక్కువగా ఉంది, పిలవలేదు" అన్నాడు. అతని స్థానంలో కొత్త మనిషి వచ్చాడు కాబట్టి పని తక్కువ అన్నది నిజం కాదు. దీనిలో ఉన్న క్రూరత్వం ఏమిటంటే, ఎవరూ ఎవరినీ తొలగించలేదు. కాగితం మీద ఏమీ జరగలేదు. శాశ్వత ఉద్యోగుల విషయంలోనూ ఇదే తరహాలో చిన్నచిన్నవి జరుగుతాయి. ఓవర్‌టైమ్ జాబితాలో పేరు ఉండదు, వరుసగా రాత్రి షిఫ్టులు పడతాయి, అడిగిన సెలవు మంజూరు కాదు. ప్రతిదానికీ ఒక సాధారణమైన వివరణ ఉంటుంది. ఆ మనిషికీ, అతన్ని చూస్తున్న తోటివారికీ మాత్రం అసలు కారణం స్పష్టంగా తెలుసు.

ఆ యువకుడి కోసం నేను మూడుసార్లు కాంట్రాక్టరుతోనూ, రెండుసార్లు మా మేనేజరుతోనూ మాట్లాడవలసి వచ్చింది. చివరికి అతన్ని తిరిగి పిలిపించగలిగాం, పిలవని రోజుల వేతనం కూడా ఇప్పించాం. అతను తిరిగి వచ్చిన రోజు లోడింగ్ దగ్గర ఎవరూ ఏమీ అనలేదు గాని, ఆ వారం బోర్డు మీద ఎడమవైపు నిండిపోయింది. అప్పటి నుంచి, కార్డు రాసినవారి షిఫ్టు, విభాగం, ఓవర్‌టైమ్ లేదా పిలుపుల్లో 90 రోజుల లోపల ఏ మార్పు జరిగినా ఆ మార్పును నేనూ, హెచ్‌ఆర్ నుంచి ఒకరూ కలిసి చూసి సంతకం చేయాలని నియమం పెట్టుకున్నాం. పేరు రాయనివారికి ఈ రక్షణ ఉండదు. ఆ లోటు ఎలా తీర్చాలో మాకు దారి దొరకలేదు.

ఉద్యోగులు వెళ్లిపోవడం గురించి హెచ్‌ఆర్ విభాగం అప్పటికే వేరేగా తలపట్టుకుని ఉంది. వెళ్లిపోయేవారి చేత ఒక ఫారం నింపించేవారు. అందులో కారణాలుగా జీతం, దూరం, చదువు, ఆరోగ్యం, కుటుంబం, ఇతరాలు అని గళ్లు ఉండేవి. చాలామంది "ఇతరాలు" మీద టిక్కు పెట్టేవారు. పని భద్రత అన్న గడి ఆ ఫారంలో లేదు. హెచ్‌ఆర్‌లోని సహోద్యోగి ఒకామెతో కూర్చుని, అంతకు ముందు ఏడాదిన్నరలో వెళ్లినవారి పేర్లనూ, పాత కార్డులనూ పక్కపక్కన పెట్టి చూశాను. పేరు పెట్టి కార్డు రాసి, జవాబు రాక, ఆపై రాయడం మానేసినవారిలో చాలామంది ఆ జాబితాలో ఉన్నారు. ఇది శాస్త్రీయమైన పరిశోధన కాదు, మా విభాగం చిన్నది, వాళ్లలో కొందరికి బయట మంచి జీతం వచ్చిన మాట కూడా నిజమే. అయినా రాజీనామాలకు ముందు నెలల తరబడి మౌనం ఉందని మాత్రం ఆ కాగితాల్లో తేటగా కనిపించింది. తాను ఉన్న చోటు దిగజారుతోందని తోచినప్పుడు మనిషికి రెండే దారులుంటాయని, గొంతెత్తడమో వెళ్లిపోవడమో జరుగుతుందని ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వివరించాడు. మా దగ్గర మొదటి దారిని నేను డ్రాయరులో పెట్టి మూసేశాను కాబట్టి మిగిలినది రెండోదే.

ఆమె సలహా మీద ఫారం మార్చాం. "మీరు ఇక్కడ ఉన్న రోజుల్లో తెలియజేసిన ప్రమాద సూచన ఏదైనా అలాగే ఉండిపోయిందా? అది ఏమిటి?" అన్న ప్రశ్న చేర్చాం. దానికన్నా మేలు చేసినది మరొకటి ఉంది. వెళ్లేవారిని అడగడం కోసం ఎదురుచూడకుండా, ఉన్నవారినే ఏడాదికి రెండుసార్లు అదే ప్రశ్న అడగడం మొదలుపెట్టాం. వెళ్లేటప్పుడు చెప్పే జవాబు తరువాతివారికి పనికొస్తుంది, ఉన్నప్పుడు చెప్పేది ఆ మనిషికే పనికొస్తుంది. దీనిలో ఇంకో కోణం కూడా ఉంది. పనిలో చేరిన తొలి నెలల్లో ఉన్నవారికి గాయాలయ్యే అవకాశం పాతవారి కన్నా ఎక్కువ. అనుభవం ఉన్న ఒక ఆపరేటర్ వెళ్లిపోతే, యంత్రం శబ్దంలో తేడా పసిగట్టే చెవి ఒకటి పోతుంది, ఆ స్థానంలో తేడా తెలియని కొత్త చేతులు వస్తాయి, వాటికి నేర్పవలసిన మనిషి అప్పటికే లేడు. ఖాళీ భర్తీ అయినట్టు లెక్కల్లో కనిపిస్తుంది గాని లైను మీద ముప్పు పెరుగుతుంది, ముప్పు పెరిగితే మళ్లీ ఒకరు వెళ్లిపోతారు.

ఏడాది గడిచేసరికి తృటిలో తప్పిన ప్రమాదాల నమోదులు అంతకు ముందున్న వాటి కన్నా ఎన్నో రెట్లు పెరిగాయి. పై స్థాయి సమీక్షలో ఆ అంకె చూసి, మీ విభాగంలో పరిస్థితి ఇంత దిగజారిందా అని గట్టిగా అడిగారు. పరిస్థితి దిగజారలేదనీ, ఇప్పుడే కనబడడం మొదలైందనీ నేను చెప్పాను. ప్రథమ చికిత్స పెట్టె ఇండెంట్లు, గాయాల రిజిస్టరు రెండూ ఇప్పుడు ఒకదానితో ఒకటి సరిపోలుతున్నాయని పక్కపక్కన చూపించాను. గంటన్నర మాట్లాడాక, నెలాఖరు ప్రోత్సాహకాన్ని ప్రమాదం లేని రోజులతో కాకుండా, వచ్చిన సూచనల్లో ఎన్నింటికి గడువులోగా జవాబు ఇచ్చామన్న దానితో ముడిపెట్టడానికి ఒప్పుకున్నారు. గేటు దగ్గరి బోర్డు తీసేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. అది ఇంకా అక్కడే ఉంది, అటుగా వెళ్లినప్పుడల్లా నాకు ఇబ్బందిగానే ఉంటుంది.

రాజీనామాలు ఆగిపోలేదు. తగ్గాయి, ముఖ్యంగా అయిదేళ్లు దాటిన అనుభవం ఉన్నవారిలో తగ్గాయి. దాని ఘనత అంతా ఈ పద్ధతిదే అని నేను చెప్పను, అదే కాలంలో వేతన సవరణ కూడా జరిగింది. వెళ్లిపోయిన ఆ ఆపరేటర్‌కు ఫోన్ చేసి, మూడో లైను బాగుపడిందనీ, ముందే చేయవలసినదనీ చెప్పాను. "పక్క పట్టీలు కూడా మార్చారా సార్?" అని అడిగాడు. అతని మొదటి కార్డులో గీసిన బొమ్మలో బాణం గుర్తు వేసి చూపించినది ఆ పట్టీలనే అని, ఫోన్ పెట్టేశాక కార్డు తీసి చూసినప్పుడు గమనించాను. అతను తిరిగి రాలేదు, రమ్మని అడిగే హక్కు నాకుందని కూడా అనిపించలేదు.

గత నెలలో, చేరి నాలుగు నెలలైనా కాని ఒక అమ్మాయి రాత్రి షిఫ్టులో ఒక కార్డు వేసింది. గోదాము మూల మలుపు దగ్గర ఫోర్క్‌లిఫ్ట్ వచ్చేది నడిచేవారికి కనబడదని రాసింది. మేం గుండ్రటి అద్దం పెట్టి, బోర్డు మీద జవాబు రాశాం. వారం తిరగకుండా రెండో కార్డు వచ్చింది, రాత్రిపూట దీపాల వెలుగు అద్దంలో పడి ఏమీ కనబడడం లేదని. అద్దం కోణం మార్చాం. మూడో కార్డులో, కోణం బాగుంది గాని నడిచేవారి దారీ బండి దారీ ఒకటే అయినంత కాలం ఇది సరిపోదని రాసింది. రెండు దారులనూ వేరు చేయాలంటే రెండు ర్యాకులు జరపాలి, గోదాము వాళ్లు ఒప్పుకోలేదు. "ప్రస్తుతం సాధ్యపడదు, కారణం ర్యాకుల స్థలం" అని నా పేరు పెట్టి రాశాను. మొన్న సోమవారం నేను వచ్చేసరికి బోర్డు మీద నాలుగో కార్డు ఉంది. దానిలో గోదాము నేల కొలతలు, ర్యాకులు జరపకుండా గొలుసు కట్టి దారి వేరుచేసే విధానం, పెన్సిలుతో గీసిన ఒక బొమ్మ ఉన్నాయి. రేపు ఉదయం షిఫ్టు మొదలయ్యే ముందు ఆమె, గోదాము ఇన్‌చార్జ్, నేను టేపు తీసుకుని ఆ మలుపు దగ్గర కలుసుకుంటున్నాం.